నాలుగో గుంత బటన్

మిర్యాలగూడ శివారులోని ఆ రైస్ మిల్లులో ఆ రాత్రి పని లేదు. యంత్రాలను నడిపే చిన్న స్క్రిప్టు భాషను ప్రవళికే తయారు చేసింది. అందులో ఇన్నాళ్లూ ఏ అంకె వస్తే ఏం చేయాలో తేల్చే 'స్విచ్' ఆదేశం లేదు. ఆ సాయంత్రమే చేర్చింది. వడ్ల గుంతలో కూలీ ఆపద బటన్ నొక్కితే, అది ఒకటో గుంతో, రెండోదో, మూడోదో చూసి ఆ గుంత మోటారు ఆపాలి. ఇవేవీ కాకపోతే డిఫాల్ట్‌గా సైరన్ మోగాలి.

సైరన్ మోగింది.

తెర మీద నాలుగు అని కనిపించింది.

"ప్రభుదాసన్నా, నాలుగో గుంత కాడ ఎవరన్నా ఉన్నరా?"

వాచ్‌మన్ ముఖం పాలిపోయింది. "గాడ గుంతేడుంది మేడం? కూలీ జంగయ్య వడ్లల్ల కూరుకపోయి సచ్చినంక సిమెంటుతోటి పూడ్సిండ్రు. బటన్ వైరు నేనే కోసిన."

అప్పటినుంచీ పాత స్క్రిప్టు మూడు గుంతలనే పట్టించుకునేది. నాలుగోది ఎన్నిసార్లు నొక్కినా చప్పుడు లేకుండా వదిలేసేది.

సైరన్ మళ్లీ మోగింది.

ప్రవళిక డిఫాల్ట్ లైను చెరిపేయబోయి ఆగింది. చెరిపితే మోత ఆగుతుంది. నొక్కే చెయ్యి ఆగదు.