శీలావతి ముల్లు

మా మామయ్యగారు శీలావతి చేపముక్కని ముందు తన నోట్లో పెట్టుకుంటారు. నాలికతో అటూ ఇటూ తిప్పి ముళ్ళు ఏరేసి, నానిపోయిన ఆ ముక్కని వేలితో తీసి నా రెండున్నరేళ్ళ కూతురి నోట్లో పెడతారు. అదీ చుట్ట కాల్చే నోరు!

"ఛీ, ఎంగిలండీ! వేళ్ళతో ఏరొచ్చు కదండీ?"

"శీలావతి ముల్లు వెంట్రుకలా ఉంటుందమ్మా. వేలికి దొరకదు, నాలిక్కే దొరుకుతుంది."

పాపకోసం కారం లేకుండా విడిగా వండేది నేను. తినిపించేది ఆ ఎంగిలా? ఇవాళ కంచం లాక్కున్నాను.

"మీరు లేవండి. నేను పెడతాను."

ఆయన లేచి చేయి కడుక్కున్నారు.

ముక్కని చిదిమి చిదిమి ముళ్ళన్నీ తీసేశాను. ఉప్పు చూద్దామని ముందు నేనే కాస్త నోట్లో వేసుకున్నాను. గొంతులో కసుక్కున గుచ్చుకుంది. దగ్గి దగ్గి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వట్టి అన్నం ముద్ద మింగితే గానీ దిగలేదు.

పాప నన్నే చూస్తోంది. నేను ఆపేలోపే కంచంలోంచి ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. బుగ్గలు అటూ ఇటూ కదిలాయి. చొంగ కారుతున్న ఆ ముక్కని తీసి నా పెదాలకి ఆనించింది.

"ముల్లు లేదమ్మా. తిను."

ఛీ అనబోయాను. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.