మూడో జత

లెన్జ్ మంచు వాలు దిగి నా పక్కన ఆగి, కాళ్ళకున్న స్కీలను ఈసడింపుగా చూశాడు.

"ఇవి స్కీలా? ఉడికిన సేమ్యా! కాస్త వేగం అందుకోగానే గజగజా వణుకుతున్నాయి. వీటిని చేసినవాడు కొండ మొహం చూశాడా అసలు?"

ఆర్ల్‌బెర్గ్ మంచుకొండల నిటారు వాలుల్లో దూకుడుగా దూసుకుపోయేవాళ్ళ కోసం చేసిన పొడవాటి, బరువైన స్కీలవి. ఏటా కొత్తగా వచ్చేవాటిని తొక్కి చూసి, ఏది మేలో పత్రికకు రాయడం మా ఇద్దరి పని. లెన్జ్ ఒకప్పుడు పందేల్లో పతకాలు గెలిచినవాడు. అతను తిట్టిన స్కీని ఎవరూ కొనరు.

"మొదటి జత చచ్చు చెక్కన్నావు. రెండోది పిల్లలాటన్నావు. ఇదీ పనికిరాదా?" అన్నాను.

"నమ్మకపోతే నువ్వే తొక్కి చూడు, వ్రోనీ. పళ్ళు రాలతాయి."

లిఫ్టులో పైకెళ్ళి, అదే వాలు మీద పూర్తి వేగంతో వదిలాను. పట్టాల మీద రైలులా సాగాయవి, ఎక్కడా అదరలేదు. మిగతా రెండు జతలూ తొక్కాను. అవీ అంతే.

అప్పుడు అర్థమైంది. వణుకుతున్నవి స్కీలు కావు, లెన్జ్ మోకాళ్ళు.

కిందికి వచ్చేసరికి అతను గడ్డం ఎగరేసి నిలబడి ఉన్నాడు. "ఏం? చెప్పానా లేదా?"

"నిజమే. వణికాయి," అన్నాను, అతని మోకాళ్ళకేసి చూడకుండా.

అతని మొహంలో వెటకారం చప్పున ఆరిపోయింది.

"ఇరవై ఏళ్ళుగా నా మొహాన నిజం చెప్పింది నువ్వొక్కదానివే. వణకలేదంటావనే పైకి పంపాను నిన్ను. నువ్వూ జాలిపడ్డావు," అన్నాడు. "మూడూ మంచివేనని రాయి. కింద నీ పేరొక్కటే పెట్టు."