లేని ట్యాంకుకి పట్టిన తుప్పు

"జాగ్రత్త అంకుల్, ఫిరంగి గొట్టం పట్టుకోకండి. కింద చెయ్యి పెట్టి ఎత్తండి."

అట్టపెట్టెలోంచి బయటికొచ్చిన ట్యాంకు టీపాయ్ మీద కూర్చుంది. జానెడే ఉన్నా, ఏదో యుద్ధంలోంచి నేరుగా ఈ హాల్లోకి దొర్లుకుంటూ వచ్చినట్టుంది. గొలుసుల్లో ఎండిన బురద, అంచుల్లో పెచ్చులూడిన రంగు, పొగగొట్టం చుట్టూ మసి, బోల్టుల కిందనుంచి చారలు కట్టి కారిన తుప్పు. అన్నీ ఉత్తవే. ప్లాస్టిక్కు మీద రంగు పొడులూ, స్పాంజి ముక్కా, గీకిన పెన్సిలు ముల్లూ కలిసి చేసిన మాయ. దానికోసం అతను నెలల తరబడి కూర్చుని నడుం వంకర చేసుకున్నాడు.

మోడల్ బొమ్మల క్లబ్బులో అతన్ని అందరూ భూతద్దం అంటారు. ఎదుటివాడి బొమ్మలో తప్పు కనబడితే అతనికి పండగే. "ఈ ఆకుపచ్చ రంగు ఆ సైన్యం ఆ ఏడాది వాడనే లేదు" అంటూ ఓ స్నేహితుడి ట్యాంకుని నలుగురిలో ఉతికి ఆరేస్తే, ఆ స్నేహితుడు బొమ్మలకి దండం పెట్టి ఇప్పుడు కుండీల్లో మొక్కలు పెంచుకుంటున్నాడు. ఆఫీసులోనూ అదే తీరు. పక్క సీటులో అమ్మాయికి అతనిలో నచ్చింది కూడా అదే. ఆమె తండ్రిని కలిసి పెళ్ళి మాట కదుపుదామనే ఇవాళ వచ్చాడు.

బయల్దేరేముందు వాళ్ళమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "అక్కడ మాత్రం నీ భూతద్దం తియ్యకురా నాయనా. ఆయన ఏమన్నా అవునను. పిల్లనిచ్చేవాడు ఆయన."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ట్యాంకు చుట్టూ ఓసారి చూశాడు.

"మా అమ్మాయి చెప్పింది బాబూ. అబద్ధం వింటే నీకు ఒళ్ళు మండుతుందట కదా. ఎంతటివాణ్ణయినా మొహమ్మీదే అడిగేస్తావట."

"అలవాటైపోయిందంకుల్" అన్నాడు భూతద్దం, వినయంగా. ఎదురు సోఫాలో అమ్మాయి నవ్వు ఆపుకుంది.

"ఇంతకీ ఇది ఏ ట్యాంకు?"

"ఇది 'ఉండి ఉంటే' రకం అంకుల్. అంటే ఏంటంటే..."

అంటే ఏంటంటే, ఇలాంటి ట్యాంకు ప్రపంచంలో ఏ సైన్యం దగ్గరా ఎప్పుడూ లేదు. ఉండి ఉంటే ఎలా ఉండేదో అతను ఊహించి కట్టాడు. ఒకదాని ఒళ్ళు, ఇంకొకదాని తల, మరోదాని చక్రాలు. దాని మీది నంబరు అతని బైకు నంబరే.

అదంతా చెప్పే వీలే దొరకలేదు. పెద్దాయన తొడ చరిచాడు.

"ఆహా! ఇదే! దీన్ని చూసి ఎన్నేళ్ళయింది! అప్పట్లో నేను నడిపింది దీన్నే కదయ్యా!"

భూతద్దం అమ్మాయి వైపు చూశాడు. ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెవిలో అమ్మ కట్టుకున్న ఇల్లు ఇంకా అక్కడే ఉంది.

"అ... అవునా అంకుల్! ఎంత అదృష్టం!"

"అదృష్టమా? కుక్కర్లో కూర్చున్నట్టుండేది. ఓసారి దీన్ని నదిలోకి దింపేశాను. తేలింది తెలుసా!"

ఇంత బరువు ట్యాంకు తేలడం! ఇదే మాట క్లబ్బులో ఎవడైనా అని ఉంటే భూతద్దం వాణ్ణి ఆ నదిలోనే ముంచేసేవాడు.

"తేలుతుందంకుల్. నేనూ ఎక్కడో చదివాను."

అమ్మాయి చెయ్యి కిందికి దిగింది. దాని వెనక నవ్వు లేదు.

పెద్దాయన ఇంకాస్త ముందుకి వంగాడు. "కాకపోతే పొగగొట్టం కుడివైపు పెట్టావేం? మాదానికి ఎడమవైపుండేది. నేనే పొరబడ్డానేమో, చెప్పు."

"లేదు లేదు, మీరన్నదే కరెక్టు!"

గొట్టాన్ని పుటుక్కున విరిచాడు. అట్టపెట్టెలోంచి జిగురు తీసి ఎడమవైపు అంటించాడు. గొట్టం లేచిన చోట గుంట పడింది.

"మరి ఈ తుప్పేంటి? ఈ బురదేంటి? మేం రోజూ తుడిచేవాళ్ళం. అద్దంలా మెరిసేది. యుద్ధంలో అలా మెరుస్తుందంటావా? మొహమాటం లేకుండా చెప్పు బాబూ."

"ఎందుకు మెరవదంకుల్!"

జేబురుమాలు మంచినీళ్ళ గ్లాసులో ముంచాడు. ముందు బురద పోయింది. తర్వాత మసి, ఆ తర్వాత తుప్పు. నెలల కష్టం రుమాలుకి అంటుకుంది. టీపాయ్ మీద మిగిలింది, షాపులోంచి అప్పుడే తెచ్చిన పిల్లల బొమ్మ.

అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

"చాల్లే బాబూ" అన్నాడు పెద్దాయన. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఇక ఉండనీ."

"మీకు నచ్చితే అదే పదివేలంకుల్. ఇక్కడే ఉంచేస్తాను. ఎవరొచ్చినా మీ ట్యాంకని చూపించుకోండి."

రెండు చేతులా నమస్కారం పెట్టి సెలవు తీసుకున్నాడు. వీధి మలుపు తిరగ్గానే అమ్మకి ఫోన్ చేశాడు. "బుట్టలో పడిపోయాడమ్మా! అవునవునంటూనే పని కానిచ్చేశాను."

ఇంట్లో అమ్మాయి ఇంకా కిటికీ దగ్గరే ఉంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏదో ఆట పట్టిద్దామనుకున్నానమ్మా. మొదటి మాటకే 'ఏంటంకుల్ ఈ కోతలు' అని నవ్వేస్తాడనుకున్నాను. పోనీ నదిలో తేలిందన్నప్పుడైనా..." కూతురి వీపు వైపు చూస్తూ ఆగాడు. ఆశగా అడిగాడు. "నేను బతుకంతా పళ్ళ డాక్టర్నని నువ్వతనికి చెప్పలేదేమో కదూ?"

"మొదటి రోజే చెప్పాను నాన్నా."