మంగళవారం మరమ్మతు

అన్వి గుండెను కొట్టించే యంత్రానికి సాఫ్ట్‌వేర్ మరమ్మతు సందేశం తల్లి లిఖిత ఫోనుకు మంగళవారమే వచ్చేది. నాలుగు నిమిషాలు యంత్రం ఆపాలి. మంగళవారం పూట బిడ్డ గుండె ఆపడానికి లిఖితకు చేతులు రాక "తర్వాత" నొక్కేది. అది మళ్ళీ వచ్చే మంగళవారమే అడిగేది.

ఏడో వారం ఎవరో హ్యాకర్లు యంత్రంలో మిగిలిపోయిన లోపంలోంచి దూరి దాన్ని తడబడేలా చేశారు. అన్వి ఆస్పత్రి పాలైంది.

"మేం సరిచేసి పంపాం మేడమ్. ఏడుసార్లు 'తర్వాత' అన్నది మీరేగా?" అన్నాడు కంపెనీ మనిషి.

"లోపమున్నదాన్ని నా బిడ్డ గుండెలో పెట్టిందెవరు బాబూ?"

 అతను కొత్త యంత్రానికి ఒప్పంద పత్రమున్న ట్యాబ్ ఆమె ముందుకు జరిపాడు. ఇకపై ఏ లోపానికైనా బాధ్యత తల్లిదేనట.

"ఇవాళ ఏం వారం?" అడిగింది లిఖిత.

"మంగళవారమండీ. పోనీ, రేపు..."

అతని మాట పూర్తికాకముందే లిఖిత వేలిముద్ర వేసేసింది.