పొద్దుటి గోళీ

“నిద్ర ఎట్లుంది?” అని అడిగాడు డాక్టర్ విద్యాసాగర్.

“మస్తు వస్తాంది సాబ్. అదే కష్టమైతాంది,” అంది రుక్మాబాయి.

ఆఫీసు బోర్డుల మీద మైసూరు చెరిపి కర్ణాటక రాసిన ఏడాది అది. బీదరులో మనసు రోగానికి మందు రాసే డాక్టరు దొరకడమే గొప్ప. రుక్మాబాయి సంతపూర్ నుంచి మొగుడి వెంట వచ్చింది. మొగుడు ఖండప్ప ఒక సేటు బస్సుకు డ్రైవరు. రెండు ట్రిప్పుల నడుమ దొరికిన కాస్త వ్యవధిలో, ఖాకీ చొక్కాతోనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

డాక్టరు అడిగినవాటికల్లా ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది. నోరు ఎండిపోతోందట, రొట్టె ముక్క గొంతు దిగడం లేదట, చేతులు వణుకుతున్నాయట. అయితే గోళీలు మొదలయ్యాక అన్నం తినబుద్ధి అవుతోందని, బిడ్డను ఎత్తుకోవాలని అనిపిస్తోందని కూడా చెప్పింది. అంతకు ముందు బావి గట్టు మీద కూర్చుని నీళ్లలోకి చూడటమే పనిగా ఉండేదట.

“పని చేస్తుంటే గూడ నిద్రొస్తదా?”

“మొన్న చేతిల పని చేతిలనే ఉంది, కండ్లు మూతపడ్డయి.”

“ఏం పని?”

రుక్మాబాయి కొంగు సర్దుకుంది. “రొట్టెలు చేస్తుంటే.”

“చెయ్యి కాలిందా?”

“లేదు సాబ్. ఎవరికేం గాలే.”

డాక్టరు కలం కింద పెట్టాడు. ఈ మందులో మేలూ కీడూ కలిసే ఉంటాయనీ, ఒకటి ఉంచుకుని ఇంకొకటి వద్దంటే కుదరదనీ చెప్పాడు. తట్టుకోలేకపోతే మెల్లగా తగ్గించి ఆపేద్దామన్నాడు. మరి బావి ఆలోచన మళ్లీ ఏమైనా వస్తోందా అని అడిగాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఖండప్ప తలెత్తాడు.

“వస్తాంది సాబ్. జాతర అయినకాంచి మల్ల వస్తాంది,” అన్నాడు. “ఆపకుండ్రి. ఆపితే బతుకుడు గాదు.”

పెళ్లాం కోసం ఇంతగా బతిమాలే మగవాడు డాక్టరుకు ఎప్పుడో గాని కనబడడు. ఆయన మనసు కరిగింది. రాత్రి గోళీకి తోడు పొద్దున ఇంకొకటి రాశాడు.

“ఇంటిపట్టున ఉండేదానివని రాస్తున్నమ్మా. నిద్రొస్తే పండుకో. పొయ్యి కాడికి, బావి కాడికి ఒక్కదానివే పోకు,” అన్నాడు. ఒక కంట కనిపెట్టి ఉండమని ఖండప్పకు చెప్పాడు. ఖండప్ప తలూపాడు.

గడప దాటబోతూ రుక్మాబాయి వెనక్కి తిరిగింది. ఇంకేమైనా చెప్పాలా అని డాక్టరు అడిగాడు. ఆమె మొగుడి మొహం చూసింది. ఏం లేదని తలాడించి వచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో ఖండప్ప బస్సంతా కునికిపాట్లు పడుతుంటే ఆమె మాత్రం ముందు సీట్లో కూర్చుని, రెప్ప వాల్చకుండా రోడ్డు చూస్తూనే ఉంది. మనసులో ఒక్కటే తూచుకుంది. ఆపితే బావి ఉంది. ఆపకపోతే నిద్ర ఉంది. ఎటు తూచినా ఆమెకు దారి కనబడలేదు.

ఊళ్లో ఆమెకు పిచ్చిదన్న పేరు ఎప్పుడో పడింది. గోళీల పొట్లం కంటబడ్డ రోజే అత్త హనుమవ్వ బిడ్డను ఆమె చేతికి ఇవ్వడం మానేసింది. గాలి సోకిందని దర్గాకు తీసుకుపోయి ఊదు పొగ పట్టించింది, మెడలో తాయెత్తు కట్టించింది. నీళ్లకు వెళితే ఆడవాళ్లు కొంగు తగలకుండా పక్కకు జరిగేవారు. రుక్మాబాయి ఎవరికీ ఎదురు చెప్పలేదు. కళ్లు తుడుచుకుని రొట్టెలు తట్టేది.

కొత్తగా పొద్దుటి గోళీ కూడా వచ్చిందని విని హనుమవ్వ మళ్లీ అందుకుంది.

“నా కొడుకు కమాయిస్తుండు గనుక నీ పిచ్చికి గోళీలు వస్తున్నయి. వాని నౌకరీ పోతే ఇంటిల్లిపాది మన్ను తినాలె,” అంది.

ఆ మాట నిజమేనని రుక్మాబాయికి తెలుసు.

మర్నాడు బీదరు అంగడి. పొద్దుటి బస్సు కిక్కిరిసింది. కూరగాయల గంపలతో ఆడవాళ్లు, పరీక్షకు పోయే బడిపిల్లలు, చంకల్లో పసివాళ్లు. రుక్మాబాయి రొట్టెల మూట, నీళ్ల సీసా పట్టుకుని ఇంట్లోంచి కదిలింది. గోళీ మరిచిపోయిందేమోనని హనుమవ్వ వెనక నుంచి కేకేసింది. చేతిలోనే ఉందని చెప్పి ఆమె బస్సు దగ్గరకు నడిచింది.

డ్రైవరు తలుపు పక్కన ఆగి, లోపలి మొహాలన్నీ ఒకసారి చూసింది. మూట అందించింది. సీసా అందించింది. చివరికి గుప్పిట తెరిచింది.

ఖండప్ప గోళీ మింగి బస్సు కదిలించాడు.