రెండు కన్నాల దూరం

"నువ్వు తింటున్నావా, గడియారం విప్పుతున్నావా?" అన్నాడు టైలరు.

గడియారాలాయన చెంచాతో ఆమ్లెట్ అంచు కాస్త ఎత్తి, కింద ఏముందో చూసి, మళ్ళీ దించాడు. ముప్ఫై ఏళ్ళుగా చేతిగడియారాల పొట్టలు విప్పి చూసిన అలవాటు. పళ్ళెం ముందు కూర్చున్నా పోలేదు.

"తింటున్నాన్రా. నిదానంగా."

"నీ గడియారాలు కూడా ఇంత నిదానంగా నడిస్తే ఊళ్ళో అందరికీ బస్సు తప్పిపోతుంది. అమ్మా, ఇక్కడికి ఇంకో ఆమ్లెట్!"

ఆ ఉదయం ఇది రెండో హోటలు. రైలు దిగి ఇంకా గంటన్నర కాలేదు.

ఇద్దరివీ పక్కపక్క కొట్లు. మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. ఇన్నేళ్ళలో టైలరు అతన్ని ఎక్కడికీ తీసుకెళ్ళింది లేదు. టీ చెప్పినా ఒకటే చెప్పి, సగం సగం పోయించే మనిషి. అలాంటివాడు బుధవారం సాయంత్రం గోడ మీద తట్టి, "సోమవారం నీ పెళ్ళి. ఈలోగా రెండు రోజులు సిటీకెళ్ళి కడుపునిండా తినొద్దాం. షట్టరు దించెయ్," అన్నాడు. ఎక్కడ ఏం బాగుంటుందో కాగితం మీద రాసి పెట్టుకున్నాడు కూడా.

గడియారాలాయన కాదనలేదు. అతనికీ టైలరుతో ఒక మాట చెప్పాలని ఉంది. అది కొట్లో నిలబడి చెప్పే మాట కాదు.

భార్య పోయి మూడేళ్ళు. అప్పట్నుంచీ తిండి అంటే పొయ్యి మీద పెట్టడం, దించడం, మింగడం. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి దబ్బనంతో కొత్త కన్నం పొడుచుకున్నాడు. నిరుడు ఇంకోటి. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే ఆవిడ అతన్ని చేసుకోడానికి ఒప్పుకుంది. రిజిస్ట్రారు తేదీ ఇచ్చాడు. ఇప్పుడు పట్టుకుంది భయం. ఇంకో మనిషి చేత్తో వడ్డిస్తే తను సంతోషంగా తినగలడా? ముద్ద దిగకపోతే ఆ మంచి మనిషిని ఏడిపించినట్టేగా? పెళ్ళి వద్దని ముందు టైలరుకి చెప్పి, ఆ తర్వాత ఆవిడకి చెప్పాలనుకున్నాడు.

"ఒరేయ్, నీతో ఒక మాట..."

"మాట ఎక్కడికీ పోదు. ఆమ్లెట్ చల్లారిపోతుంది."

బయటికి రాగానే టైలరు అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా కౌగిలించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

"ఏమైందిరా నీకు?"

"పెళ్ళికొడుకువి కదా. ముద్దొస్తున్నావు."

మధ్యాహ్నం చేపల హోటలు. గడియారాలాయన చేప వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. ఇంట్లో ముళ్ళు తీసి పెట్టే చెయ్యి వేరే ఉండేది. టైలరు పళ్ళెం తన వైపు లాక్కుని, సూదిలో దారం ఎక్కించే వేళ్ళతో ఒక్కొక్క ముల్లే ఏరి అంచున పెట్టాడు. వడ్డించే ఆవిడ అడక్కుండానే ఒక నిమ్మచెక్క తెచ్చి పెట్టి వెళ్ళింది. ఎంతసేపు తిన్నాడో అతనికే తెలీదు. చూసుకునేసరికి చేప లేదు.

బయట మళ్ళీ కౌగిలింత.

"అది సరే, నా పెళ్ళి కోటు ఎలా వచ్చింది?" అన్నాడు గడియారాలాయన, ఊపిరి తీసుకుని.

"సోమవారం వేసుకుందువుగాని."

"ఒకసారి ట్రయల్..."

"నా చేత్తో వేసిన కుట్టు నేను విప్పడం ఎప్పుడైనా చూశావా? నీ కొలతలు నాకు కంఠతా. పద, తర్వాతది నూడుల్స్."

రెండో రోజు సాయంత్రానికి కాగితం మీద ఒక్కటే మిగిలింది. స్టేషను ఎదురుగా కేకుల దుకాణం. ఇక్కడ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

కేకు వచ్చింది. మాట నోటిదాకా తెచ్చుకుని, ధైర్యం కోసం ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. మెత్తగా, వెన్నలా కరిగిపోయింది. ఇది ఆవిడకి నచ్చుతుంది అనుకున్నాడు. అనుకున్నాక ఉలిక్కిపడ్డాడు. మూడేళ్ళలో ఏదైనా తింటూ ఇంకొకరికి దాచాలనిపించడం ఇదే మొదలు.

"ఒక ముక్క కట్టివ్వండి," అన్నాడు దుకాణం ఆయనతో.

"ఎవరికిరా?"

"పోస్టాఫీసుకి."

"అయితే స్టాంపు అంటించమను!"

గడియారాలాయన పకపకా నవ్వాడు. నవ్వుతుంటే పొట్ట బిగిసింది. బల్ల కిందికి వంగి బెల్టు ఒక కన్నం వదులు చేసుకున్నాడు. అది చూసి టైలరు మొహం దీపంలా వెలిగింది.

"నన్నెందుకు తీసుకొచ్చావో తెలుసురా నాకు," అన్నాడు గడియారాలాయన.

టైలరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. "తె... తెలిసిందా?"

"నా మనసు కుదుటపడాలనేగా. పడింది. లేకపోతే ఈ పెళ్ళి వద్దని చెప్పేవాణ్ణి."

"ఆఁ, అదే. అందుకే," అని టైలరు గబగబా లేచాడు. "నేను టిక్కెట్లు తెస్తా. ఈ సంచీ, ఫోను చూస్తుండు."

అతను రోడ్డు దాటుతుండగానే ఫోను మోగింది. టైలరు భార్య. గడియారాలాయన తీసి 'చెల్లెమ్మా' అనేలోపే అవతల గొంతు గడగడా అంది:

"ఏమండీ, మూడేళ్ళ కిందటి కొలతలతో కుట్టిన ఆ కోటుకి సరిపడా అన్నయ్యగారికి ఒళ్ళొచ్చిందా, లేక నన్ను కూర్చుని కుట్లు విప్పమంటారా?"