దిగేటప్పుడే పరీక్ష

హువాయ్నా పొటోసి శిఖరం నుంచి దిగడం మొదలుపెట్టిన అరగంటకే టిబుర్సియో మావయ్య, ఇద్దరి నడుములకీ కట్టిన తాడు లాగి సబీనాని ఆపాడు.

"ఇక్కణ్ణుంచి దారి నువ్వే వెతుక్కో. కనబడేదంతా పైకి చెప్పు. నేను మాత్రం దారి చెప్పను."

సబీనా వెనక్కి తిరిగి చూసింది. ఎక్కేటప్పుడు గైడు ముందు, దిగేటప్పుడు వెనక. ఈ కొండమీద అందరి పద్ధతీ అదే. కానీ వెనకనుంచి 'కుడికి, ఎడమకి' అనాల్సిన మనిషే నోరు కుట్టేసుకుంటే ఎలా?

ఇవాళ ఆమెకు గైడు పరీక్ష. పెట్టేది మావయ్యే. ముప్పై ఏళ్ళుగా ఈ హిమానీనదం ఆయనకు పెరడు లాంటిది. "గరిటె పట్టిన చేతికి మంచుగొడ్డలి దేనికే?" అని ఊరందరి ముందూ ఎగతాళి చేసిందీ ఆయనే. పై శిబిరంలో ఎనిమిదేళ్ళు ఊరూరి వాళ్ళకీ సూపు కాచి పోసింది సబీనా. ఇవాళ తప్పిందంటే మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే.

వచ్చేటప్పటి అడుగుజాడల్ని గాలి తుడిచేసింది. తొమ్మిది గంటల ఎండకి మంచు మెత్తబడుతోంది.

"పెద్ద పగులు మావయ్యా! మీద మంచు వంతెన ఉంది."

"ఎంత మందం?"

"మూరెడు... ఏమో, నాకేం తెలుసు! నువ్వే చూసి చెప్పరాదూ?"

"పరీక్ష నీకా, నాకా?"

సబీనా ముందుకు కదిలింది. గొడ్డలితో పొడిచి పొడిచి చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి దాటింది. ఆమె నిలబడి దాటిన చోట మావయ్య బోర్లా పడుకుని పాకుతూ వచ్చాడు. పాకాల్సిన చోట నడిచానన్నమాట, ఒక మార్కు పోయింది అనుకుంది సబీనా.

"అడుగు లోతుగా కొట్టు. తాడు వదులు కానివ్వకు" అన్నాడు.

వాలులో ఉన్నట్టుండి ఆయన జారాడు. సబీనా గొడ్డలి దిగ్గొట్టి దానిమీద పడింది. నడుం విరిగినంత పనైంది, అయినా తాడు ఆగింది. పరీక్షల్లో పెద్దవాళ్ళు కావాలనే పడి చూస్తారని ఆమె విన్నదే. కానీ ఆయన మళ్ళీ పడ్డాడు. మూడోసారీ పడ్డాడు.

"ఎన్నిసార్లు పడతావు మావయ్యా? నన్ను చంపి నెగ్గుతావా?" అని అరిచింది.

"ఎన్నిసార్లు పడితే అన్నిసార్లూ పట్టుకోవే" అన్నాడాయన. గొంతు వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడనుకుని ఆమె పళ్ళు కొరికింది.

ఇంకో పగులు వచ్చింది. కుడినుంచా, ఎడమనుంచా? బతిమాలింది, తిట్టింది. ఆయన తాడు బిగించి పట్టుకుని నిలబడ్డాడు. దిక్కుతోచక ఎడమకి తిరిగింది. ఇద్దరి ప్రాణాలూ తన బూటు కిందే ఉన్నాయనిపించింది. ఇంత అన్యాయం చేసే మనిషిని జన్మలో క్షమించకూడదనుకుంది.

మధ్యాహ్నానికి శిబిరం చేరారు. సబీనా రాళ్ళమీద కూలబడి ఏడ్చేసింది. వంటామె ఫోర్తునాతా కోకా ఆకుల టీ కప్పులు పట్టుకుని ఎదురొచ్చింది.

"చెప్పు మావయ్యా, నెగ్గానా, పోయానా?"

ఆయన పక్కలు ఊడిపోయిన పాత నల్లద్దాలు తీసి, రెండు రోజుల మంచు వెలుగుకి వాచి మూసుకుపోయిన కళ్ళతో, ముఖం ముందే ఉన్న కప్పు కోసం గాలిలో తడుముకున్నాడు.